తలుపు కింద నీడ

బేరిపండు ముక్కలు అప్పుడే రంగు మారుతున్నాయి. పంచదార నీళ్ళలో ముంచి తీశాను, డబ్బా మూత గట్టిగా బిగించాను, అయినా అంచుల్లో గోధుమరంగు పాకుతోంది, పిల్లేమో ఇంకా రాలేదు. ఇక్కడికి చాకు తేకూడదు. టూత్‌పిక్కులు కూడా తేకూడదట, పోయినవారం గుమ్మం దగ్గర కూర్చునే ఆవిడ నా సంచీలోంచి అవి తీసి పక్కన పెట్టింది, నా కూతుర్ని నేనే పొడిచేస్తానన్నట్టు. అసలు పండంటే పిల్ల ఎదురుగా కూర్చుని చెక్కు తియ్యాలి, తొక్క తెగకుండా పొడుగ్గా దిగాలి, నా కూతురు నారే దాన్ని మెడలో వేసుకుని ఇదిగో నా నెక్లెస్ అనాలి, మొదటి ముక్క దాని నోట్లో పెట్టాలి, రెండోది నేను తినబోతుంటే అమ్మా అది పెద్దది నాకిచ్చెయ్ అని లాక్కోవాలి. ఇంట్లో కోసి డబ్బాలో పెట్టి తెస్తే ఆస్పత్రిలో రోగిని చూడ్డానికి వచ్చినట్టుంది. ఈ గది గోడ మీద వేసిన జిరాఫీ బొమ్మ నవ్వుతోంది. దాని కింద మూల కుర్చీలో మిస్ రెనే కూర్చుంది, నా కూతురి కేసు చూసే ఆఫీసరు, కళ్ళజోడుకి పూసల గొలుసు, నన్ను చూడనట్టు కనిపిస్తూ చూడటం ఆవిడ ఉద్యోగం. ఆవిడ పక్కన క్వన్ అక్క. మా కొరియన్ చర్చిలో ఆదివారం నాతో కలిసి అందరికీ పులుసు కాచే మనిషి, ఇక్కడ మాత్రం నా మాటల్ని ఇంగ్లీషులోకి మార్చి చెప్పే మనిషి. పిల్లని నాకు చూపించేది వారానికి ఒక గంట. ఆ గంటలో నేను నా బిడ్డతో ఏమన్నా వీళ్ళిద్దరికీ వినపడాలి. ఏడేళ్ళ పిల్ల చెవిలో తల్లి ఒక్క ముక్క గుసగుసగా చెప్పకూడదు. ఫిబ్రవరి నుంచి ఇదే వరస, బయట డాగ్‌వుడ్ చెట్లకి తెల్లపూలు వచ్చి రాలిపోతున్నాయి కూడా.

ఇవాళ సాయంత్రం లోపల నేనొక మాట చెప్పాలి. మిస్ రెనే అది రాసుకుని రేపు కోర్టులో జడ్జికి ఇస్తుంది. నా బిడ్డని నేనే ప్రమాదంలో పెట్టాను, నాది తప్పు. ఇంతే మాట. చెబితే నారే ఇంటికొచ్చే దారి తెరుచుకుంటుందని లాయరు చెప్పాడు, చెప్పకపోతే ఆకులు రాలే కాలం దాకా వీళ్ళు పెట్టిన ఆ పరాయి ఇంట్లోనే ఉంటుందట, ఆ తర్వాత సంగతి దేవుడెరుగు. ఇంతకుముందు రెండుసార్లు అడిగారు, రెండుసార్లూ పెదవి బిగించి కూర్చున్నాను. మా ఆయన టెషిక్ నిన్న అన్నం ముందు కూర్చుని చెంచా పక్కన పెట్టేశాడు. "ఆ మాట అంటే నీ నోరేమన్నా అరిగిపోతుందా నారే అమ్మా? ఫ్యాక్టరీలో రోజుకెన్నిసార్లు సారీ చెబుతానో తెలుసా, నేను చెయ్యని తప్పులక్కూడా చెబుతాను. చెప్పేసి ఇంటికొచ్చి పడుకుంటాను." నువ్వు చెప్పేది బోల్టుల గురించి నారే నాన్నా, ఇది నా బిడ్డ గురించి అన్నాను. "బిడ్డ కావాలా, నీ పంతం కావాలా?" అన్నాడు. ఆ తర్వాత అన్నం ఇద్దరం తినలేదు. ఆ మాట అనడం నాకు కష్టం కాదు, ఆ మాట నిజం కాదు. నేను బిడ్డని ప్రమాదంలో పెట్టడమా? ప్రమాదంలోంచి లాక్కొచ్చింది నేను కదా!

మా అపార్టుమెంట్ల వెనక వాననీళ్ళు చేరే కుంట ఉంది, ఎర్రమట్టి గట్టు, చుట్టూ పైన్ చెట్లు, కంచె లేదు. ఆ సాయంత్రం నారే ఆడుకుంటున్న చోట లేదు. ముందు మామూలుగా పిలిచాను, తర్వాత గట్టిగా పిలిచాను, తర్వాత చెప్పులు జారిపోతుంటే వదిలేసి పరిగెత్తాను. మా చుట్టాల్లో ఒక పిల్లాడు పొలం మడుగులో పోయాడు, వాణ్ణి చాప మీద పడుకోబెట్టినప్పుడు వాడి అరికాళ్ళు ఎంత తెల్లగా ఉన్నాయో నేను చూశాను, అప్పుడు నాకూ ఏడేళ్ళే. కుంట దగ్గర నారే గట్టు మీద బోర్లా పడుకుని నీళ్ళలోకి వేలాడుతోంది, ఒక చెయ్యి నీళ్ళలో ఉంది, ఒక్కసారి జారితే చాలు. జబ్బ పట్టుకుని లేపాను. "అమ్మా, తాబేలు తీగలో ఇరుక్కుంది, విప్పుతున్నాను" అంది, ఏమీ జరగనట్టు! ఇంటిదాకా నేను మాట్లాడలేదు, మాట్లాడితే ఏడుపొచ్చేస్తుందని. ఇంట్లోకి వచ్చాక ఆ ఏడుపంతా కోపమైంది. తప్పయింది అను, ఇంకెప్పుడూ చెప్పకుండా వెళ్ళనని చెప్పు అన్నాను. గోడకి ఆనుకుని, మట్టి చేతులు వెనక్కి పెట్టుకుని, అచ్చం నాలాగే పెదవి బిగించింది. "నేను తాబేలుని కాపాడాను, అది తప్పెలా అవుతుంది?" అంది. బయటంటే అంత ఇష్టమైతే బయటే ఉండు, పో, నీకు నచ్చిన ఇంకో అమ్మని వెతుక్కో, అని తలుపు తీసి గుమ్మం అవతల నిలబెట్టి తలుపు వేశాను. స్వెటర్ వేసుకునే ఉంది, చూశాను. కాళ్ళకి మేజోళ్ళు మాత్రమే ఉన్నాయి, అదీ చూశాను.

నన్ను మా అమ్మ ఎన్నిసార్లు అలా నిలబెట్టిందో! కొరియాలో తెగు ఊళ్ళో మాది అయిదంతస్తుల ఇళ్ళ వరస, పొడుగాటి నడవ, ఒకే వైపు తలుపులన్నీ. తమ్ముణ్ణి కొట్టానని ఒకసారి, లెక్కల్లో సున్నా వచ్చిన కాగితాన్ని నూడుల్స్‌లో కలిపేసి కుక్కకి పెట్టానని ఒకసారి. తలుపు మూసుకున్న క్షణంలో భయం కంటే ముందు సిగ్గు వచ్చేది, ఎందుకంటే వెంటనే పక్కింటి చిన్‌గు అమ్మ తలుపు తెరుచుకునేది. ఉల్లికాడల కట్ట పట్టుకుని బయటికొచ్చి, నడవలో పీట వేసుకుని, ఒక్కొక్క కాడ వలుస్తూ, "ఇవాళ ఏం ఘనకార్యం చేశావే మీరన్?" అనేది. నేను మాట్లాడేదాన్ని కాదు. "మాట్లాడకు, నాకేం, నాకు బోలెడు పనుంది" అని అక్కడే కూర్చునేది. మెట్లెక్కి వచ్చే మామ్మ ఆగి, నా బుగ్గ గిల్లి, "దీనికి వాళ్ళమ్మ మొండితనమే వచ్చింది" అనేది. ముక్కు కారుతుంటే వాళ్ళ ఏప్రాన్‌తో తుడిచేవాళ్ళు. ఆఖరికి చిన్‌గు అమ్మ లేచి, ఉల్లిపొట్టు దులుపుకుని, మా తలుపు తట్టేది. "ఏమమ్మోయ్, ఈసారికి నా మొహం చూసి వదిలెయ్యి, పిల్ల తప్పయిందంటోంది." నేను అసలు అనలేదు. అయినా రెండు అరచేతులూ కలిపి రుద్దేదాన్ని, మాలో తప్పు ఒప్పుకోవడమంటే అదే, చేతులు రుద్దుతూ తప్పయిపోయింది అనడం. లోపల్నుంచి మా అమ్మ, తలుపు వెనకే నిలబడి ఉన్నట్టు వెంటనే, "మీరు అడిగారు కాబట్టి సరే గానీ" అని గడియ తీసేది. వేడి అన్నం మీద గుడ్డు వేసి నువ్వుల నూనె చుక్క పోసి నా ముందు పెట్టేది. ఏడుపు తర్వాత ఆ అన్నం తిన్నవాళ్ళకే తెలుస్తుంది దాని రుచి.

నేనూ తలుపు వెనకే నిలబడ్డాను. ఆ సంగతి ఎవరూ అడగలేదు. అరచెయ్యి తలుపుకి ఆనించి, కాలివేళ్ళు తలుపుకి తగిలేలా నిలబడి, అవతల ఊపిరి వింటూ ఉన్నాను. ఒకసారి తుమ్మింది. తీసేద్దామా అనుకున్నాను, ఒక్క మాట అంటుందిలే అని ఆగాను. వంటింట్లో కుక్కర్ ఆవిరి పోతోంది, ముల్లంగి పులుసు పొంగుతోంది, వెళ్ళి పొయ్యి కూడా ఆపలేదు. తలుపు చప్పుడైంది. నా ప్రాణం లేచొచ్చింది, వచ్చారు ఎవరో ఒకరు, అనుకున్నాను. మొహం కొంచెం గంటు పెట్టుకున్నాను, ఆవిడ అడిగింది కాబట్టి వదిలేస్తున్నాను ఇంకోసారి చేశావంటే చూడు అనే మాట నోట్లో సిద్ధంగా పెట్టుకున్నాను, తలుపు తీశాను. ఇద్దరు పోలీసులు. వాళ్ళ వెనక పైన్ చెట్ల మీద నీలం వెలుగు తిరుగుతోంది. నారే ఒక పోలీసు కోటులో ఉంది, మోకాళ్ళ కింద దాకా ఉంది ఆ కోటు, మొహం మాత్రం కనిపిస్తోంది. నేను నవ్వాను. పరాయివాళ్ళ ముందు ఇంటి సంగతి బయటపడితే మా వాళ్ళెవరైనా నవ్వుతారు, ఇంకేం చెయ్యాలో తోచక. ఆ నవ్వు రాసుకున్నారు. ఎంతసేపు బయట ఉంచావని అడిగారు, అన్నం ఉడికేంతసేపు అన్నాను, ఫోనులో దొరికిన దుబాసీ దానికేం చెప్పాడో మరి, అదీ రాసుకున్నారు. నారేని మీ అమ్మ ఏమందని అడిగారు. అబద్ధం చెప్పకూడదని దానికి నేర్పిందే నేను. ఇంకో అమ్మని వెతుక్కోమంది, అంది. ఇంతకుముందు కూడా అలా అందా? చాలాసార్లు. టెషిక్ ఫ్యాక్టరీ నుంచి వచ్చి ఇది మా ఇంటి గొడవ మీరెవరు అని అరిచాడు, ఈ దేశానికొచ్చాక ఆయన గొంతెత్తింది అదొక్కసారే, ఆ ఒక్కసారీ అక్కడే ఎత్తాలా? కుంట గట్టున చావు అంచున వేలాడుతున్నప్పుడు నా బిడ్డని ఒక్కళ్ళు చూడలేదు, సొంత గుమ్మం ముందు నిలబడితే ఊరంతా చూసింది.

ఊరంతా అంటే మిస్ వెర్నా. ఎదురింటి కింద వాటాలో ఉండే ముసలావిడ, జుట్టుకి రోలర్లు పెట్టుకుని వరండాలో కూర్చునేది, మేము కొత్తగా దిగినప్పుడు పీచ్ పళ్ళతో ఏదో తీపి వండి గిన్నెతో సహా ఇచ్చింది, ఆ గిన్నెలో నేను జప్‌ఛె నూడుల్స్ పెట్టి తిరిగిచ్చాను, ఆవిడ రెండుసార్లు అడిగి పెట్టించుకుంది. చెడ్డమనిషి కాదు. చెడ్డమనిషైతే నాకు ఇంత బాధుండేది కాదు. పిల్లని తీసుకెళ్ళిన మర్నాడు ఆవిడే నా దగ్గరికొచ్చి, నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. "తల్లీ, ఆ చలిలో ఆ చిన్న కాళ్ళు చూసి ఉండబట్టలేకపోయానమ్మా. ఏమైనా అయితే నన్ను నేను క్షమించుకోగలనా?" నాకొచ్చిన ఇంగ్లీషులో అడిగాను, మరి నా తలుపు ఎందుకు తట్టలేదు, నాలుగడుగులే కదా అని. ఆవిడ నిజంగా తెల్లబోయింది. "అయ్యో, మీ ఇంటి విషయంలో నేను తలదూర్చడం ఏం మర్యాదమ్మా?" అంది. తలుపు తట్టడం తలదూర్చడమట, పోలీసుల్ని పిలవడం కాదట! ఇద్దరం ఒకళ్ళ చేతులు ఒకళ్ళం పట్టుకుని అలా చూస్తూ ఉండిపోయాం, ఆవిడకి నా మాట అర్థం కాలేదు, నాకు ఆవిడ మాట అర్థం కాలేదు, ఇద్దరికీ కన్నీళ్ళు మాత్రం ఆగలేదు. ఆవిడ గిన్నె ఇంకోటి ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది.

పిల్లల్ని ఎలా పెంచాలో నేర్పే క్లాసుకి మంగళవారాలు వెళుతున్నాను, అది కూడా కోర్టు మాటే. ఆ టీచరమ్మ మంచిది, చిన్నపిల్ల, పెళ్ళి కాలేదు. తప్పు చేసిన పిల్లని కుర్చీలో మూలకి తిప్పి కూర్చోబెట్టాలట, లేదా గదిలోకి పంపి తలుపు వెయ్యాలట, పెద్ద పిల్లలైతే బయటికి వెళ్ళనివ్వకుండా ఇంట్లో ఉంచాలట. నేను రాసుకుంటూ రాసుకుంటూ ఆగిపోయాను. ఇంట్లో ఉంచడం శిక్షా? మాకు ఇల్లే అన్నిటికన్నా మంచి చోటు, అందుకే శిక్ష అంటే ఇంట్లోంచి బయట పెట్టడం. వీళ్ళకి బయటే మంచి చోటు కాబోలు, శిక్ష అంటే లోపల పెట్టి తలుపెయ్యడం. ఒంటరిగా గదిలో కూర్చున్న పిల్ల మాటేమిటి అని అడగాలనుకున్నాను, ఆ పిల్ల కోసం ఎవరొచ్చి తలుపు తడతారు అని. అడగలేదు. అడిగితే అది కూడా రాసుకుంటారని భయం. నోరున్న మనిషినని తెగులో పేరు నాకు, బజారులో చేపలమ్మే ఆవిడ నన్ను చూస్తే ధర ముందే తగ్గించేది. ఇక్కడ నాలుగు గోడల మధ్య కూడా తలూపడమే నేర్చుకున్నాను. ఒక్క ఆ మాట మాత్రం గొంతు దాటదు. నన్నూ గుమ్మం బయట నిలబెట్టారు, తప్పయిందను, లోపలికి రానిస్తాం అంటున్నారు. నారే గోడకి ఆనుకుని నిలబడ్డట్టే నిలబడ్డాను నేనూ. ఎవరి పోలికో తెలియడానికి ఎవర్నీ అడగక్కర్లేదు.

పొద్దున అమ్మతో మాట్లాడకుండా ఉండాల్సింది. ఇక్కడ పొద్దున అయితే అక్కడ రాత్రి, నిద్ర చెడగొట్టుకుని మరీ చేసింది. ఇన్ని రోజులూ ఫోను తియ్యగానే తిట్లే, నన్ను కాదు, అమెరికాని. "ఒసే, గుమ్మంలో నిలబెట్టినందుకు పిల్లని ఎత్తుకుపోతారుటే? అలాగైతే నిన్ను ఎన్నిసార్లు ఎత్తుకుపోవాలే!" ఇవాళ తిట్టలేదు. నెమ్మదిగా అడిగింది, మరి నువ్వు పిల్లని బయట పెట్టినప్పుడు చూస్తూ ఉండమని ఎవరికి చెప్పావే అని. నాకు అర్థం కాలేదు. ఎవరికి చెప్పడమేంటమ్మా అన్నాను. "చిన్‌గు అమ్మకి ఫోను కొట్టేదాన్ని కదే, నిన్ను నెట్టి తలుపెయ్యగానే. బయట పెట్టాను కాస్త చూస్తుండండి అని. ఆవిడ లేకపోతే కింద మామ్మకి కొట్టేదాన్ని. ఇద్దరూ ఊళ్ళో లేని రోజున నువ్వెంత పాడుపని చేసినా బయట పెట్టలేదు. రెండు తగిలించి ఊరుకున్నాను." మరి నాకెప్పుడూ చెప్పలేదేం అన్నాను. "చెబితే నువ్వు భయపడతావుటే?" అంది, నవ్వబోయి, నవ్వలేక, ముక్కు చీదింది. ఆ ఉల్లికాడలు వలవడం నా కోసమేనన్నమాట. ఆ మామ్మ మెట్లెక్కడం కూడా. నాకు మా అమ్మ నుంచి తలుపు ఒక్కటే వచ్చింది, ఆ ఫోను రాలేదు. లాయరు చెప్పిన తప్పు నేను చెయ్యలేదు. ఇంకొకటి చేశాను, దాన్ని గురించి ఈ గదిలో ఎవరూ అడగరు.

కారిడార్‌లో అడుగులు వినపడ్డాయి. క్వన్ అక్క సర్దుకుని కూర్చుంది. తలుపు తీసి ఎవరో ఆవిడ పిల్లని ముందుకి పంపి, తను వెనకే ఆగిపోయింది. నారేకి ఎవరో ముందుజుట్టు కత్తిరించారు, నుదురు సగం కనిపిస్తోంది, ఎంత చిన్న మొహమో దానిది. కొత్త బూట్లు, నడుస్తుంటే మడమల్లో లైట్లు వెలుగుతున్నాయి. ఇన్ని వారాల్లో వచ్చిన ప్రతిసారీ నా ఒళ్ళో కూర్చోకుండా అటు తిరిగి ఈ గదిలో ఉన్న బొమ్మరిల్లుతో ఆడుకునేది, నేను కొరియన్‌లో అడిగితే ఇంగ్లీషులో ముక్కలు చెప్పేది, నా మీద కోపమనుకున్నాను, మర్చిపోతోందనుకున్నాను, ఏ భయాలు పడ్డానో ఎవరికి చెప్పను. ఇవాళ లోపలికి రాలేదు. గుమ్మం గీత మీద ఆగింది. కిందికి చూసుకుని, కూర్చుని, ఆ లైట్ల బూట్లు విప్పి పక్కపక్కన పెట్టింది, మేజోళ్ళతో నిలబడింది. రావే, అన్నాను. రాలేదు. రెండు అరచేతులూ కలిపి రుద్దడం మొదలుపెట్టింది.

"అమ్మా, తప్పయిపోయింది. ఇంకెప్పుడూ చెప్పకుండా కుంట దగ్గరికి వెళ్ళను. ఇప్పుడు లోపలికి రానిస్తావా?"

మిస్ రెనే పెన్ను పట్టుకుని ఏమంది, పిల్ల ఏమంది అని క్వన్ అక్కని అడుగుతోంది. నేను కిందికి జారి, మోకాళ్ళ మీదే దాని దగ్గరికి పాకాను. ఏంటే, ఏమంటున్నావే అన్నాను. నారే నా మొహం కేసి చూడకుండా, చేతులు ఆపకుండా, గబగబా చెప్పేసింది, చాలా రోజుల నుంచి కూడబెట్టుకున్నట్టుంది. "ఆ రోజు తప్పయిందని చెప్పలేదనే కదా నన్ను అక్కడ పెట్టావు? ఆ రోజు తలుపు కింద నీ కాళ్ళ నీడ కనిపించిందమ్మా. కదిలావు కూడా. నువ్వే తీస్తావులే అనుకున్నాను, అందుకే చెప్పలేదు. అక్కడ నా గది తలుపు కింద రోజూ చూస్తున్నాను, ఎవరూ లేరు. ఇంక నావల్ల కాదు, తప్పయిపోయింది." ఇన్ని వారాలూ నా బిడ్డ ఇంకా ఆ గుమ్మం బయటే నిలబడి ఉందనుకుంటోంది. నేనే నిలబెట్టాననుకుంటోంది. దానికి కోర్టు లేదు, కేసు లేదు, మిస్ రెనే లేదు. దానికి నేనూ, నేను తెరవని తలుపూ, అంతే. దాని చేతులు రెండూ పట్టుకుని ఆపాను, అరచేతులు వేడెక్కి ఉన్నాయి. ఒళ్ళోకి లాక్కున్నాను. నీ తప్పు కాదే, అమ్మ తియ్యాలనే ఉంది, తలుపు అమ్మ దగ్గర లేదే, అంటున్నాను, ఏమంటున్నానో నాకే తెలియడం లేదు, చెవిలో అంటున్నాను, చెవిలో అనకూడదన్న సంగతి గుర్తులేదు. ఎవరూ నన్ను ఆపలేదు.

నారేని ఒళ్ళో పెట్టుకునే మిస్ రెనే వైపు తిరిగాను. నా రెండు చేతులూ దాని వీపు వెనక కలిపి రుద్దాను, పెద్దయ్యాక ఎవరి ముందూ చెయ్యలేదు ఆ పని. తప్పయిపోయింది అన్నాను. చూసేవాళ్ళెవరూ లేని చోట బిడ్డని నిలబెట్టాను. ఎవరికీ చెప్పకుండా నిలబెట్టాను. నాదే తప్పు. నా బిడ్డని లోపలికి రానివ్వండి. క్వన్ అక్క ఒక్కొక్క ముక్కే ఇంగ్లీషులో చెప్పింది, మధ్యలో ఆగి మంచినీళ్ళు తాగింది. నేను చెప్పిందీ, మిస్ రెనే రాసుకుందీ ఒకటి కాదని నాకు తెలుసు. ఆవిడకి ఇన్నాళ్ళూ కావాల్సిన మాట దొరికింది, కళ్ళజోడు తీసి, గుండె మీద వేలాడేసుకుని, కళ్ళు తుడుచుకుంది. "ఇది ఇవాళే పంపుతానమ్మా. చాలా మంచి పని చేశారు. కానీ రేపే పంపిస్తారనుకోకండి, జడ్జి చూడాలి, మీ ఇల్లు మళ్ళీ చూడాలి, ఎండాకాలం లోపల అవుతుందని నా ఆశ." ఎండాకాలం లోపల! ఎండాకాలం అంటే ఎన్ని రోజులు అని నారే అడిగింది. కొన్నే, అన్నాను. తాబేలు ఏమైంది అని అడిగింది. తీగ విప్పుకుని వెళ్ళిపోయిందన్నాను, నేను మళ్ళీ ఆ కుంట వైపు వెళ్ళనే లేదు. డబ్బా మూత తీసి, పండు ముక్క చేత్తోనే నోట్లో పెట్టాను. నమిలి, డబ్బాలో వెతికి, "తొక్క ఏది?" అంది. ఇంట్లో ఉందన్నాను. ఉంచు అంది. ఉంచుతానన్నాను. పెద్ద ముక్కలన్నీ అదే తినేసింది.

గంట అయిపోయింది. ముందు పిల్ల వెళ్ళాలి, దాని కారు వెళ్ళేదాకా తల్లి గదిలోనే ఉండాలి, అది ఇక్కడి పద్ధతి. ఇన్నాళ్ళూ ఆ పద్ధతిని మనసులో ఎన్ని తిట్లు తిట్టానో. నారే బూట్లు తొడుక్కుంది, నేను పట్టీలు బిగించాను. గుమ్మం దాటి వెనక్కి తిరిగి, "అమ్మా, ఇక్కడే నిలబడతావా?" అంది. ఇక్కడే నిలబడతానే, అన్నాను. ఆ వచ్చినావిడ తలుపు మెల్లగా మూసింది. నేను దగ్గరగా జరిగాను, కాలివేళ్ళు తలుపుకి తగిలేలా, లైటు నా వెనక ఉండేలా చూసుకుని, అరచెయ్యి చెక్కకి ఆనించాను. అవతల నాలుగడుగులు వినపడి ఆగిపోయాయి. తర్వాత ఏ చప్పుడూ లేదు. వంగి చూస్తోందని నాకు తెలుసు. కుడికాలు కొంచెం కదిపాను, నీడ కదలాలని. అవతల చిన్న నవ్వు, వెంటనే పరుగు, ఆవిడ ఏదో అనడం, దూరంగా ఇంకో తలుపు. మిస్ రెనే కాగితాలు సర్దుకుని పక్క తలుపులోంచి వెళ్ళిపోయింది. క్వన్ అక్క నా భుజం మీద చెయ్యి వేసి, "మీరన్, కారు కూడా వెళ్ళిపోయింది, పదమ్మా" అంది. ఇంకాసేపు ఉంటాను అక్కా, ఏదైనా మర్చిపోయి వెనక్కొస్తుందేమో, అన్నాను.